చెత్తగుట్టను మూసినంత మాత్రాన పని ముగిసినట్లు కాదు

ఏళ్ల తరబడి చెత్త పోసిన స్థలాన్ని ఒక పట్టణం మూసివేసిన రోజు చుట్టుపక్కల కాలనీల వారికి పండుగ రోజే. లారీల రొద ఆగుతుంది. ఈగలు తగ్గుతాయి. పొగ కనబడదు. గుట్ట మీద మట్టి కప్పి, గడ్డి నాటి, ముందు ఒక బోర్డు పెడతారు. కొన్నాళ్లకు అక్కడ పార్కు వస్తుందని, వాకింగ్ ట్రాక్ వస్తుందని చెబుతారు. చుట్టూ ఉన్న స్థలాల ధరలు పెరుగుతాయి. ఇక ఆ విషయం ముగిసిపోయిందని అందరూ భావిస్తారు.

నిజానికి ముగిసింది చెత్త పోయడం మాత్రమే. చెత్త కుళ్లడం ముగియలేదు. మట్టి పొర కింద ఆ ప్రక్రియ సంవత్సరాల తరబడి, ఒక్కోసారి దశాబ్దాల తరబడి సాగుతూనే ఉంటుంది. కుళ్లుతున్నంత కాలం వాయువు పుడుతూనే ఉంటుంది. ఆ వాయువును క్రమం తప్పకుండా కొలిచి, దారి చూపి, అదుపులో ఉంచే ఏర్పాటు లేకపోతే, మూసిన గుట్ట కొన్ని విధాలుగా తెరిచి ఉన్న గుట్ట కంటే ఎక్కువ మోసకారి అవుతుంది. ప్రజారోగ్యం గురించి ఆలోచించే వారందరూ ఈ సంగతిని గ్రహించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

గుట్ట లోపల ఏం జరుగుతుంది?

మన ఇళ్ల చెత్తలో దాదాపు సగం తడిచెత్తే. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, అరటి ఆకులు, పూలు, కాగితం, కొబ్బరి బోండాలు. చెత్త పోసిన కొత్తలో దాని సందుల్లో గాలి ఉంటుంది కనుక ఆక్సిజన్‌తో బతికే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. కొద్ది రోజుల్లో, కొద్ది వారాల్లో ఆ ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ అక్కరలేని సూక్ష్మజీవుల వంతు వస్తుంది. అవి మొదట ఆమ్లాలను తయారుచేస్తాయి. ఆ ఆమ్లాలను తిని మీథేన్ వాయువును విడిచే మరో జాతి సూక్ష్మజీవులు ఆ తరువాత రంగప్రవేశం చేస్తాయి. గోబర్ గ్యాస్ ప్లాంటులో జరిగేది సరిగ్గా ఇదే. తేడా ఏమిటంటే, గోబర్ గ్యాస్ ప్లాంటుకు డ్రమ్ము, గొట్టం, వాల్వు ఉంటాయి. చెత్తగుట్టకు మనం అమర్చితే తప్ప అవేవీ ఉండవు.

ఇలా పుట్టిన వాయువులో దాదాపు సగం మీథేన్, మిగిలిన సగంలో అధిక భాగం కార్బన్ డయాక్సైడ్. వీటితోపాటు చాలా స్వల్పంగా హైడ్రోజన్ సల్ఫైడ్, బెంజీన్ వంటి ఆవిరి పదార్థాలు ఉంటాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌దే. ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే జిప్సం పలకలు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ ముక్కలు తడిచెత్తతో కలిసిన చోట ఈ వాయువు మరింత ఎక్కువగా పుడుతుంది.

మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. వంటింటి సిలిండర్ లీకయితే మనకు వెంటనే తెలుస్తుంది. గ్యాసుకు సహజంగా వాసన ఉండి కాదు, మన క్షేమం కోరి కంపెనీలు మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని అందులో కలుపుతాయి కనుక. చెత్తగుట్ట వాయువుకు అలా కలిపేవారు లేరు. పైగా ఆ వాయువు మట్టి పొరల గుండా ప్రయాణించేటప్పుడు అందులోని దుర్వాసన పదార్థాలను మట్టి పట్టుకుని, మీథేన్‌ను మాత్రం వదిలేయవచ్చు. కాబట్టి వాసన లేదంటే ప్రమాదం లేదని కాదు.

కప్పడం వల్ల వచ్చే కొత్త చిక్కు

చీముగడ్డకు చికిత్స చేసే పద్ధతి వైద్యవిద్యార్థికి తొలి సంవత్సరాల్లోనే నేర్పుతారు. లోపల చీము ఉండగా పై చర్మాన్ని కుట్టివేయకూడదు. కోత పెట్టి, చీము బయటికి పోయే దారి ఉంచి, గాయం లోపలి నుంచి మానే వరకు రోజూ చూడాలి. పైకి చర్మం అతుక్కున్నట్లు కనబడినా లోపల చీము నిలిస్తే, అది తనకు అనువైన మరో దారి వెతుక్కుంటుంది. ఆ దారి ఎటు పోతుందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు.

చెత్తగుట్ట విషయమూ అంతే. తెరిచి ఉన్న గుట్ట నుంచి వాయువు పైకి పోయి గాలిలో కలుస్తుంది. అది మంచిదని నేను అనడం లేదు. మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన దాదాపు 80 రెట్లు. తెరిచిన గుట్టలు తరచు అంటుకుని ఊళ్లను పొగతో నింపుతాయి. 2016 జనవరిలో ముంబైలోని దేవనార్, 2023 మార్చిలో కొచ్చిలోని బ్రహ్మపురం, 2024 ఏప్రిల్‌లో ఢిల్లీలోని గాజీపూర్ గుట్టలు రగిలినప్పుడు ఆ నగరవాసులు పడిన అవస్థ అందరికీ తెలిసిందే. అందుచేత మూయడం అవసరమే. కానీ మీద బంకమట్టి, ప్లాస్టిక్ పొర పరిచి, లోపలి వాయువుకు గొట్టం దారి చూపకపోతే, అది పక్కలకు పాకుతుంది. పగుళ్లున్న రాతిలో, ఇసుక పొరల్లో, పాత కాలువల్లో, డ్రైనేజీ గొట్టాల చుట్టూ పోసిన కంకరలో, కేబుళ్ల కోసం తవ్విన కందకాల్లో దారి చేసుకుంటుంది. చివరకు ఏ సెల్లారులోనో, ఏ మ్యాన్‌హోల్‌లోనో, ఏ నీటి సంపులోనో చేరుతుంది.

లాస్కో నేర్పిన పాఠం

ఇది ఊహ కాదు. ఇంగ్లండులోని డెర్బీషైర్ ప్రాంతంలో లాస్కో అనే చిన్న ఊరు ఉంది. అక్కడ ఇటుకల మట్టి కోసం తవ్విన పాత గోతిలో ఇళ్ల చెత్త నింపి, 1982లో దాన్ని మూసివేశారు. నాలుగేళ్ల తరువాత, 1986 మార్చి 24 తెల్లవారుజామున, ఆ స్థలానికి సుమారు 70 మీటర్ల దూరంలో ఉన్న ఒక ఇల్లు పేలి నేలమట్టమైంది. ఇంట్లో ఉన్న ముగ్గురూ గాయపడ్డారు. ప్రాణాలు దక్కడం వారి అదృష్టం.

విచారణలో తేలింది ఏమిటంటే, మూసిన గోతిలో పుట్టిన మీథేన్ పగుళ్లున్న రాతి పొరల గుండా ప్రయాణించి ఆ ఇంటి నేల కింద చేరింది. ఇంటిని వెచ్చబరిచే బాయిలర్ నిప్పు దానికి అంటుకుంది. అయితే అదే రోజు ఎందుకు పేలింది? ఆ రాత్రి వాతావరణ పీడనం సుమారు ఏడు గంటల్లో 29 మిల్లీబార్లు పడిపోయింది. బయటి గాలి ఒత్తిడి తగ్గినప్పుడు భూమి లోపల ఉన్న వాయువు బయటికి ఎగదన్నుతుంది. సోడా సీసా మూత తీసినప్పుడు బుడగలు పైకి పొంగడాన్ని గుర్తుచేసుకుంటే ఇది సులభంగా బోధపడుతుంది.

ప్రమాదానికి ముందే చుట్టుపక్కల తోటల్లో నేల వెచ్చబడటం, మొక్కలు చనిపోవడం గమనించారు. అంటే రోగ లక్షణాలు ముందే కనిపించాయి. రోగ నిర్ధారణే సకాలంలో జరగలేదు. ఆ పేలుడు తరువాతే బ్రిటన్‌లో మూసిన చెత్త స్థలాల వాయువును గట్టిగా పట్టించుకోవడం మొదలైంది.

తెలుగు పాఠకులకు లాస్కో కథలో ప్రత్యేకంగా పనికివచ్చే అంశం ఆ పీడనం సంగతి. మనది తుఫానుల తీరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరాన్ని తాకిన రోజును ఎవరు మరువగలరు? తుఫాను అంటేనే పీడనం బాగా పడిపోవడం. దానికితోడు వాన నీటితో పై మట్టి తడిసి మూసుకుపోతుంది కనుక, గుట్ట పైనుంచి పోవలసిన వాయువు కూడా పక్కలకే పోతుంది. పీడనం పడిపోయే రోజు, నేల తడిసి ఉన్న రోజు, ఈ రెండూ కలిసిన రోజు అత్యంత ప్రమాదకరం. ఎండగా, ప్రశాంతంగా ఉన్న రోజున వెళ్లి ఒకసారి కొలిచి అంతా బాగుందని రాసుకుంటే, జ్వరం లేని వేళ చూసి థర్మామీటర్‌లో జ్వరం లేదన్నట్లే.

వైద్యుడి దృష్టిలో ప్రమాదం ఎంత?

ఇక్కడ అతిశయోక్తి పనికిరాదు. భయపెట్టడం ఆరోగ్య విద్య కాదు. మీథేన్ విషం కాదు. అది రెండు విధాలుగా హాని చేస్తుంది. మొదటిది, గాలిలో 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వతో పేలుతుంది. లైటు స్విచ్ వేసినప్పుడు కంటికి కనబడకుండా పుట్టే రవ్వ చాలు. రెండవది, మూసి ఉన్న చోట చేరి ఆక్సిజన్‌ను తరిమేస్తుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. అది 16 శాతం కంటే తగ్గితే ఆలోచన మందగిస్తుంది, 10 శాతం కంటే తగ్గితే స్పృహ తప్పుతుంది, 6 శాతానికి వస్తే నిమిషాల్లో ప్రాణం పోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది కనుక గోతుల అడుగున మడుగులా నిలుస్తుంది. అది 10 శాతం దాటితే ఆక్సిజన్ ఉన్నా మనిషి కుప్పకూలుతాడు.

హైడ్రోజన్ సల్ఫైడ్ అసలైన విషం. అతి స్వల్ప మోతాదులోనే ముక్కు దాన్ని పసిగడుతుంది. కానీ పది లక్షల పాళ్లలో సుమారు 100 పాళ్లకు చేరేసరికి వాసన గ్రహించే నరమే మొద్దుబారుతుంది. అంతవరకు ముక్కు మూసుకున్న మనిషి, వాసన పోయింది కదా అని ధైర్యంగా లోపలికి దిగుతాడు. మోతాదు 500 పాళ్లు దాటితే త్వరగా స్పృహ కోల్పోతాడు. మ్యాన్‌హోళ్లలో, సంపుల్లో ఒకరి వెనుక ఒకరు దిగి ఇద్దరు ముగ్గురు ఒకేచోట మరణించే విషాదాల వెనుక ఉన్న శరీరధర్మం ఇదే. మొదట దిగిన వాడిని కాపాడాలని దిగిన వాడూ అదే వాయువుకు బలి అవుతాడు.

ఇక చుట్టుపక్కల ఇళ్లలో ఉండేవారి సంగతి. బయటి గాలిలో ఈ వాయువులు బాగా పలుచబడతాయి. అక్కడ ఎదురయ్యేవి తలనొప్పి, వికారం, కళ్ల మంట, నిద్రలేమి, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగడం వంటివి. ఇవి ప్రాణాంతకం కాకపోవచ్చు, కానీ జీవితాన్ని కృంగదీస్తాయి. దీర్ఘకాలిక ప్రభావాలపై ఇటలీలోని లాజియో ప్రాంతంలో తొమ్మిది ల్యాండ్‌ఫిల్‌ల చుట్టూ అయిదు కిలోమీటర్ల లోపు నివసించిన దాదాపు 2.4 లక్షల మందిని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వెలువడింది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువగా సోకిన వారిలో శ్వాసకోశ వ్యాధులతో ఆసుపత్రిలో చేరడం, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు కొంత ఎక్కువగా ఉన్నాయని అది చూపింది. ఒక సంబంధాన్ని చూపినంత మాత్రాన కారణం రుజువైనట్లు కాదు. అయినా జాగ్రత్త పడటానికి ఆ సంబంధం చాలు. ప్రజారోగ్యంలో పూర్తి రుజువు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం వివేకం అనిపించుకోదు.

కొలవడం ఎలా? అదుపు చేయడం ఎలా?

కొలిచే పద్ధతి మహా కష్టమైనదేమీ కాదు. గుట్టకు, ఇళ్లకు మధ్య సరిహద్దు వెంట బోరు వేసినట్లు సన్నని రంధ్రాలు తవ్వుతారు. వాటి లోతు చెత్త ఉన్నంత లోతుకైనా, లేదా భూగర్భజలం తగిలే వరకైనా ఉండాలి. అందులో రంధ్రాలున్న పీవీసీ గొట్టం దింపి, చుట్టూ కంకర పోసి, పైభాగాన్ని బెంటొనైట్ బంకమట్టితో బిగించి, మూతకు చిన్న వాల్వు పెడతారు. దానికి చేతిలో పట్టే గ్యాస్ మీటరు తగిలించి మీథేన్, కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ శాతాలను చదువుతారు. ఆనాటి వాతావరణ పీడనాన్ని, లోపలి ఒత్తిడిని, వాన పడిందా లేదా అన్నదాన్ని పక్కనే నమోదు చేయాలి. ఈ వివరాలు లేని అంకె, రోగి వయసు, బరువు లేని ల్యాబ్ రిపోర్టు వంటిది.

అదుపు చేయడానికి గుట్టలోకి నిలువు గొట్టాల బావులు దింపుతారు. చిన్న, పాత గుట్టలకు వాయువు తనంతట తాను పోయే గొట్టాలు చాలవచ్చు. పెద్ద గుట్టలకు బ్లోయరుతో వాయువును లాగి, ఫ్లేర్ అనే ప్రత్యేక గొట్టం దగ్గర మండించాలి, లేదా శుద్ధిచేసి ఇంధనంగా వాడాలి. మండిస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌గా మారి హాని చాలావరకు తగ్గుతుంది.

ఈ లాగడంలో ఒక సున్నితమైన మెలకువ ఉంది. తక్కువగా లాగితే వాయువు పక్కలకు పాకుతుంది. అతిగా లాగితే పై మట్టి పగుళ్ల గుండా బయటి గాలి గుట్టలోకి చొరబడుతుంది. ఆక్సిజన్ తగిలిన చెత్త లోలోపల వేడెక్కి, మంట కనబడకుండానే నెలల తరబడి రగులుతుంది. అందుకే బావిలో ఆక్సిజన్ శాతాన్ని, ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు చూస్తూ వాల్వులను సరిచేసే శిక్షణ పొందిన మనిషి కావాలి. యంత్రం కొని బిగిస్తే సరిపోదు. మధుమేహ రోగికి ఇన్సులిన్ మోతాదును చక్కెర చూసి సరిచేసినట్లే ఇదీ.

చట్టం ఏం చెప్పింది?

మన దేశంలో నియమాలు లేవని అనుకోకూడదు. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ విషయంలో స్పష్టంగా మాట్లాడాయి. ల్యాండ్‌ఫిల్‌లో వాయువును సేకరించే ఏర్పాటు ఉండాలన్నాయి. మీథేన్ శాతం కనీస పేలుడు స్థాయిలో నాలుగో వంతు మించకూడదన్నాయి. అంటే నూరు పాళ్ల గాలిలో ఒకటింబావు పాలు. సేకరించిన వాయువును వేడికి గానీ, విద్యుత్తుకు గానీ వాడాలని, కుదరకపోతే మండించాలని, ఊరికే గాలిలోకి వదలరాదని చెప్పాయి. పై కప్పులో 60 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై 15 సెంటీమీటర్ల నీరు పారే పొర, ఆపైన మొక్కలు పెరగడానికి 45 సెంటీమీటర్ల మట్టి ఉండాలని కొలతలతో సహా రాశాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మూసిన తరువాత కనీసం 15 ఏళ్ల పాటు ఆ స్థలాన్ని సంరక్షించాలన్న నిబంధన. ఆ గడువు తీరాక కూడా, వాయువు, లీచేట్ అనే మురుగు ఊట పరీక్షలు ప్రమాణాలకు లోబడి ఉన్నాయని, నేల స్థిరంగా ఉందని తేలితేనే నివాసాలకు గానీ మరో పనికి గానీ ఆలోచించాలన్నాయి. అమెరికాలో ఈ గడువు సాధారణంగా 30 ఏళ్లు. మన వెచ్చని వాతావరణంలో, తడిచెత్త ఎక్కువగా ఉండే మన గుట్టల్లో కుళ్లడం వేగంగా జరుగుతుంది కనుక అంతకాలం అక్కరలేదని కొందరు నిపుణులు వాదిస్తారు. ఆ వాదనలో బలం ఉంది. కానీ దానికి సమాధానం కొలత చెప్పాలి, కేలండరు కాదు. పరీక్షలు వరుసగా బాగుంటే రోగిని ఇంటికి పంపవచ్చు. పరీక్షే చేయకుండా, వచ్చి చాలా రోజులైంది కదా అని పంపకూడదు.

మన దగ్గర పరిస్థితి

హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి చేరిన చోటు జవహర్‌నగర్. అక్కడ పేరుకున్న సుమారు 1.2 కోట్ల టన్నుల పాత చెత్తను మట్టి, ప్లాస్టిక్ పొరలతో కప్పారు. గుట్టలోని వాయువును గొట్టాలతో తీసి, శుద్ధిచేసి, వాహన ఇంధనంగా మార్చే యూనిట్ 2021లో మొదలైంది. ఇది మెచ్చుకోదగిన పని. హాని చేసేదాన్ని ఉపయోగపడేదిగా మార్చడం కంటే మేలైన మార్గం ఏముంది? అయినా దుర్వాసన గురించి, కలుషితమైన భూగర్భజలం గురించి చుట్టుపక్కల ప్రజల ఫిర్యాదులు ఆగలేదు. కప్పిన పాత గుట్ట పక్కనే నగరపు కొత్త చెత్త వస్తూనే ఉండటం దీనికి ఒక కారణం.

ఇంధనం తీయడం వేరు, చుట్టూ ఉన్న ఇళ్లకు వాయువు చేరడం లేదని రుజువు చేయడం వేరు. మొదటిది వ్యాపారం, రెండవది ఆరోగ్య రక్షణ. వాయువు తగ్గి ఇంధనం లాభసాటి కానప్పుడు వ్యాపారం ఆగిపోవచ్చు. రక్షణ ఆగకూడదు. లాభం లేనంత తక్కువ మీథేన్ అయినా ఒక సెల్లారును పేల్చడానికి చాలు.

ముంబైలోని గొరాయ్ గుట్టను 2007లో మూసి, పొరలు కప్పి, బావులు దింపి, వాయువును మండించే ఏర్పాటు చేశారు. అదే నగరంలోని మలాడ్‌లో పాత చెత్త స్థలం దగ్గర వెలసిన కార్యాలయాల్లో కంప్యూటర్లు, ఏసీలు త్వరగా తుప్పుపట్టి పాడవుతున్నాయని వార్తలు వచ్చాయి. లోహాన్ని తినే వాయువు మనిషి ఊపిరితిత్తులను మన్నిస్తుందని ఎలా అనుకోగలం? మూసే విధానాన్ని బట్టి ఫలితం ఉంటుందని ఒకే నగరంలోని ఈ రెండు ఉదాహరణలు చెబుతున్నాయి.

2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ రెండవ దశలో పాత గుట్టలను తవ్వి, జల్లెడపట్టి, మట్టిని, ప్లాస్టిక్‌ను వేరుచేసే బయోమైనింగ్‌కు ప్రాధాన్యం ఇచ్చారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ పనులు జరుగుతున్నాయి. గుట్టే లేకుండా చేయగలిగితే అంతకంటే కావలసింది లేదు. అయితే తవ్వేటప్పుడే లోపలి వాయువు ఒక్కసారిగా బయటపడుతుంది. తవ్వే కార్మికుడి నడుముకు గ్యాస్ డిటెక్టర్ ఉందా? అడుగున మిగిలిన చెత్తను పూర్తిగా తీశారా? తీసిన తరువాత నేలలో మీథేన్ లేదని పరీక్షించాకే ఆ స్థలాన్ని అప్పగించారా? ఈ ప్రశ్నలకు సమాధానం దొరికే దాకా బయోమైనింగ్ జరిగిన స్థలాన్ని కూడా కోలుకుంటున్న రోగిగానే చూడాలి.

చేయవలసినవి

ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. మున్సిపాలిటీల దగ్గర జీతాలకే డబ్బు చాలని పరిస్థితిలో, కనబడని వాయువును కొలవడానికి డబ్బెక్కడిదని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ గుట్టను మూయడానికి కోట్ల రూపాయలు ఖర్చు పెడుతున్నాం. అందులో చిన్న భాగాన్ని పక్కన పెట్టి, తరువాతి ఏళ్ల సంరక్షణకు తప్ప మరి దేనికీ తాకరాని నిధిగా ఉంచితే సరిపోతుంది. ఆపరేషన్‌కు డబ్బిచ్చి, ఆపై వాడవలసిన మందులకు ఇవ్వనంటే ఆ ఆపరేషన్ వల్ల లాభమేమిటి?

నా దృష్టిలో ఈ కింది పనులు తప్పనిసరి.

ఒకటి, మూసిన ప్రతి గుట్ట సరిహద్దులోనూ, ముఖ్యంగా ఇళ్లున్న వైపు, పరిశీలన గొట్టాలు ఉండాలి. నెలవారీ కొలతతోపాటు, వాయుగుండం హెచ్చరిక వచ్చిన రోజుల్లోనూ, భారీ వర్షాల తరువాతా విడిగా కొలవాలి.

రెండు, ఆ అంకెలను తెలుగులో, సామాన్యుడికి అర్థమయ్యేలా వార్డు కార్యాలయం బోర్డు మీద రాయాలి. సురక్షితమా, జాగ్రత్త అవసరమా, ప్రమాదమా అన్నది పక్కనే ఉండాలి. ఫైళ్లలో దాగిన అంకె ఎవరినీ కాపాడదు.

మూడు, పాత చెత్త స్థలం ఫలానా సర్వే నంబర్లలో ఉందన్న విషయం భూమి రికార్డుల్లో శాశ్వతంగా ఉండాలి. ఇరవై ఏళ్ల తరువాత అక్కడ ప్లాటు కొనే కుటుంబానికి ఆ సంగతి రిజిస్ట్రేషన్ నాడే తెలియాలి. చుట్టుపక్కల కొత్త అపార్టుమెంట్లకు సెల్లారు అనుమతి ఇచ్చే ముందు నేల వాయువు పరీక్షను షరతుగా పెట్టాలి.

నాలుగు, అక్కడ పనిచేసే ప్రతి కార్మికుడికీ గ్యాస్ డిటెక్టర్, శిక్షణ ఉండాలి. గోతిలోకి, మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపే అలవాటునే మానాలి.

అయిదు, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అగ్నిమాపక కేంద్రానికి ఆ కొలతలు క్రమం తప్పక అందాలి. తలనొప్పి, వికారం, ఆయాసంతో ఒకే వీధి నుంచి నలుగురు వస్తే, వారి చిరునామా అడిగే అలవాటు వైద్యులకు ఉండాలి. మందుల చీటీ రాయడంతోనే వైద్యుడి బాధ్యత తీరదు.

మీరు గమనించవలసినవి

పాత చెత్త స్థలం దగ్గర నివసించేవారు కొన్ని గుర్తులను కనిపెట్టాలి. చుట్టూ పచ్చగా ఉండి మధ్యలో గడ్డి గుండ్రంగా ఎండిపోతే, వేళ్లకు ఆక్సిజన్ అందడం లేదని అర్థం కావచ్చు. వాన నీటి గుంటల్లో బుడగలు వస్తూ ఉండటం, నేల పగుళ్లివ్వడం, కుంగడం, చెయ్యి పెడితే వెచ్చగా తగలడం, చలి ఉదయాల్లో నేల నుంచి ఆవిరి లేవడం, కుళ్లిన గుడ్డు వాసన రావడం, ఇవన్నీ లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయదగిన విషయాలు. తేదీ, సమయం, వాన పడిందా లేదా అన్నది రాసిపెట్టుకోండి. నలుగురూ కలిసి రాసిన అర్జీకి బలం ఎక్కువ.

గ్యాస్ ఉందేమో చూద్దామని అగ్గిపుల్ల గీయడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. సెల్లారులోగానీ సంపులోగానీ అనుమానం కలిగితే లైటు, ఫ్యాను స్విచ్‌లు ముట్టుకోకుండా, తలుపులు తెరిచి బయటికి వచ్చి, 101కు ఫోన్ చేయండి. లోపల ఎవరైనా పడిపోయి ఉంటే వారిని చూసి మీరు దిగవద్దు. ఆక్సిజన్ పరికరంతో వచ్చే సిబ్బందిని పిలవండి, పైనుంచి గాలి ఆడేలా చూడండి. ఇది నిర్దయ కాదు, రెండో ప్రాణాన్ని కాపాడే జాగ్రత్త.

ఇంట్లో తడిచెత్తను వేరుచేసి ఎరువుగా మార్చే ప్రతి కుటుంబం రేపటి గుట్టలోని వాయువును ఈనాడే తగ్గిస్తోంది. ఆ తడిచెత్త గుట్టకు చేరకపోతే మీథేన్ పుట్టడానికి మూలమే ఉండదు. కానీ నిన్నటి వరకు మనం పోసినది అక్కడే ఉంది, ఇంకా కుళ్లుతూనే ఉంది. మీ ఊరి పాత చెత్త స్థలంలో చివరిసారి మీథేన్ ఎప్పుడు కొలిచారో, ఎంత వచ్చిందో మీ కార్పొరేటరును, కమిషనరును అడగండి. మర్యాదగా అడగండి, మళ్లీ మళ్లీ అడగండి. సమాధానంగా అంకె రావాలి, హామీ కాదు.